ఓపీ వరుసలో క్షయ: పరీక్షకూ ఆసరాకూ మధ్య అరవై ఏళ్లు

మంగళగిరిలో ఇప్పుడు ఎయిమ్స్ ఉన్న స్థలం ఒకప్పటి క్షయ శానిటోరియం భూమి. 2015 డిసెంబరులో ఎయిమ్స్‌కు అక్కడ శంకుస్థాపన జరిగింది. ఈనాటి పిల్లలకు తెలిసినది ఆ పెద్ద ఆసుపత్రి మాత్రమే. దుగ్గిరాల, తెనాలి, రేపల్లె వైపు పాతతరం వారికి మంగళగిరి అనగానే పానకాల స్వామితో పాటు శానిటోరియం కూడా గుర్తుకు వస్తుంది. ఇంట్లో ఎవరికైనా క్షయ అని తేలితే ఊరికి దూరంగా, గాలి బాగా వీచే చోట, నెలల తరబడి మంచం మీద ఉంచటమే ఆనాటి వైద్యం. ఆ మంచం దొరికేది కొద్దిమందికే. తక్కిన వారందరూ ఊళ్లలోనే ఉండేవారు. దగ్గు ఎక్కువైనప్పుడు దగ్గరలోని ధర్మాసుపత్రికి వచ్చి వరుసలో నిలబడేవారు. ఆ వరుసలోనే క్షయను వెదకవచ్చునని వైద్యలోకం గ్రహించటానికి చాలాకాలం పట్టింది. గ్రహించిన తరువాత ఏం చేశారు, ఏ పనిని సగంలో వదిలేశారు అన్నది ఈ వ్యాసంలో చెప్పదలచాను. ఆ చరిత్రలో ముఖ్యమైన ఘట్టాలు కొన్ని తెలుగు నేల మీదనే జరిగాయి.

మంచాల లెక్క

దక్షిణ భారతంలో క్షయ వైద్యం గురించి చెప్పేటప్పుడు మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరాన్ని తలచుకోక తప్పదు. పలు క్రైస్తవ మిషన్లు కలిసి నెలకొల్పిన ఆ శానిటోరియంను డెన్మార్క్ దేశపు వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమాట్ మోలర్ తీర్చిదిద్దాడు. 1948లో మనదేశంలో బీసీజీ టీకాల పని మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి. విశ్రాంతి, స్వచ్ఛమైన గాలి, పాలు, గుడ్లు, అవసరమైన చోట ఊపిరితిత్తి చుట్టూ గాలి ఎక్కించి దానిని ముడుచుకుపోయేటట్లు చేయటం, ఇవీ మందులు రాకముందు ఉన్న ఉపాయాలు. కొందరికి అవి పనిచేశాయి.

లెక్క మాత్రం ఎన్నడూ కుదరలేదు. 1946లో భోర్ కమిటీ తన నివేదికలో దేశంలో క్షయరోగులు సుమారు 25 లక్షలమంది ఉంటారనీ, వారికోసం ఉన్న మంచాలు దాదాపు 6,000 అనీ పేర్కొంది. అంటే నాలుగు వందల మందికి పైగా రోగులకు ఒక్క మంచం. ఎన్ని శానిటోరియంలు కట్టినా ఈ లెక్క తేలదని అర్థం చేసుకోవటానికి గణితశాస్త్ర పాండిత్యం అక్కరలేదు.

1955 నుంచి 1958 వరకు భారత వైద్య పరిశోధన మండలి జరిపిన నమూనా సర్వే ఇంకొక అపోహను తొలగించింది. కలకత్తా, ఢిల్లీ, పాట్నా, త్రివేండ్రంలతో పాటు హైదరాబాదు, మదనపల్లెల చుట్టుప్రక్కల కూడా ఆ సర్వే జరిగింది. క్షయ పట్టణాల జబ్బనీ, మిల్లుల పొగలో, ఇరుకు గదులలో పుట్టేదనీ అప్పటివరకు అనుకునేవారు. పల్లెలలోనూ అది ఇంచుమించు అంతే ఉందని సర్వేలో తేలింది. దేశజనాభాలో అత్యధికులు పల్లెవాసులు కనుక రోగులలో అత్యధికులు కూడా పల్లెవాసులే అయ్యారు. శానిటోరియంలు ఉన్నవి ఒకచోట, రోగులు ఉన్నది మరొకచోట.

మద్రాసు ఫలితం, దానిని చదివిన తీరు

1940లలో స్ట్రెప్టోమైసిన్, పాస్ వచ్చాయి. 1952లో ఐసోనయాజిడ్ వచ్చింది. మందు చేతికి వచ్చాక మంచం అవసరమా అన్న ప్రశ్న సహజంగానే పుట్టింది. ఆ ప్రశ్నకు సమాధానం వెదకటానికి 1956లో మద్రాసులో క్షయ కీమోథెరపీ కేంద్రాన్ని నెలకొల్పారు. వాలెస్ ఫాక్స్ అనే బ్రిటిష్ వైద్యుడు దానికి సారథ్యం వహించాడు. నగరంలోని పేద కుటుంబాలకు చెందిన 193 మంది రోగులను తీసుకుని, కొందరిని శానిటోరియంలో ఉంచి, కొందరికి ఇంటి దగ్గరనే ఒక సంవత్సరం పాటు మందులు ఇచ్చారు. ఎవరు ఎటు వెళ్లాలన్నది చీట్లు తీసినట్లు నిర్ణయించారు. వైద్యుడి ఇష్టానికి వదలలేదు.

1959లో వెలువడిన ఫలితాలు ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచాయి. శానిటోరియంలో ఉన్నవారు మంచి ఆహారం తిన్నారు, విశ్రాంతి పొందారు, ఎక్కువ బరువు పెరిగారు. ఇంటి దగ్గర ఉన్నవారు ఇరుకు గదులలో, చాలీచాలని తిండితో, వీలైనంత త్వరగా పనులకు వెళుతూ గడిపారు. అయినా వ్యాధి నయం కావటంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఇంట్లో ఉన్నవారి వల్ల కుటుంబ సభ్యులకు అదనంగా వ్యాధి సోకినట్లు కూడా తరువాత కనబడలేదు. ఈ ఒక్క పరిశోధనతో ప్రపంచమంతటా శానిటోరియంల తలుపులు మూతబడటం మొదలయింది. మంగళగిరి, ఆరోగ్యవరం వంటి చోట్ల క్రమంగా పాత పద్ధతి అంతరించటానికి మూలం ఇక్కడ ఉంది.

ఇక్కడ కొంచెం ఆగాలి. మద్రాసు పరిశోధకులు ఆహారం మీద విడిగా ఒక అధ్యయనం కూడా ప్రచురించారు. సరైన మందులు వాడితే, తిండి అంతంతమాత్రంగా ఉన్నా సూక్ష్మజీవులు నశిస్తాయన్నది దాని సారాంశం. అది నిజం. దానిని అందరూ చదివిన తీరు వేరు. 'క్షయకు మందు చాలు, తిండి సంగతి మనకు అనవసరం' అన్న అర్థం విధాన నిర్ణేతల మనసులలో స్థిరపడింది. పరిశోధనలోని రోగులకు ఇళ్లకు వచ్చి చూసే ఆరోగ్య కార్యకర్తలు ఉండేవారు. చెప్పకుండా వచ్చి మాత్రలు లెక్కపెట్టేవారు, మూత్రపరీక్షతో మందు వేసుకున్నదీ లేనిదీ తెలుసుకునేవారు. ఆ కనిపెట్టుకుని ఉండటం కూడా ఒక రకమైన ఆసరాయే. నకలు చేసుకున్నవారు మాత్రల జాబితాను తీసుకున్నారు, ఇంటికి వచ్చే మనిషిని తీసుకోలేదు. నా దృష్టిలో మన క్షయ నివారణ చరిత్రలో పెద్ద నష్టం ఇదే.

వచ్చినవాడిని పంపేసిన ఆసుపత్రి

మందు ఉంది, మంచం అక్కరలేదు. ఇక రోగిని కనుక్కోవటం ఎలా? ఎక్స్‌రే బండ్లతో ఊరూరా తిరిగి అందరి ఛాతీలు ఫోటో తీయాలన్నది ఐరోపా పద్ధతి. అంత డబ్బు, అన్ని ఫిల్ములు మనకు ఎక్కడివి? 1959లో బెంగుళూరులో ఏర్పడిన జాతీయ క్షయ సంస్థకు ఈ చిక్కుముడిని విప్పే పని అప్పగించారు. ఆ రోజులలో ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున భారత క్షయ కార్యక్రమంతో పనిచేసినవారిలో హాఫ్డన్ మాలర్ ఒకరు. తరువాతి కాలంలో ఆ సంస్థకే డైరెక్టర్ జనరల్ అయి, 1978లో ఆల్మా ఆటాలో ప్రాథమిక ఆరోగ్య సేవల ప్రకటన వెలువడేటప్పుడు ముందుండి నడిపించినది ఆయనే.

బెంగుళూరు సంస్థలో దేవబర్ బెనర్జీ అనే వైద్యుడు ఉండేవారు. వైద్యంతో పాటు మానవశాస్త్రం కూడా చదివినవారు. ఆయనా, స్టిగ్ ఆండర్సన్ కలిసి మనకు పొరుగునే ఉన్న తుముకూరు జిల్లా పల్లెలలో ఒక పని చేశారు. ఎక్స్‌రే సర్వేలో క్షయ ఉన్నట్లు తేలినవారి ఇళ్లకు మనుషులను పంపి, ఒంట్లో ఎలా ఉంది, దానికోసం ఏం చేశారు అని అడిగించారు. పల్లెటూరి జనానికి జబ్బు సంగతి తెలియదు, తెలిసినా పట్టించుకోరు, వైద్యుడి దగ్గరకు రారు అన్నది అప్పటి చదువుకున్నవారి నమ్మకం. 1963లో ప్రచురితమైన ఆ అధ్యయనం ఆ నమ్మకాన్ని తలక్రిందులు చేసింది. వ్యాధి ఉన్నవారిలో దాదాపు అందరికీ లక్షణాలు తెలుసు. ఎక్కువమంది దిగులు పడుతున్నారు. సగానికి పైగా అప్పటికే ఆధునిక వైద్యశాలకు వెళ్లివచ్చారు. వెళ్లినవారిలో చాలామందికి అక్కడ దక్కినది ఒక సీసా దగ్గుమందు.

ఆ సీసా సంగతి ఈ తరం పాఠకులకు చెప్పాలి. అప్పట్లో ప్రభుత్వ ఆసుపత్రికి వచ్చేవారు ఇంటి నుంచే ఖాళీ సీసా తెచ్చుకునేవారు. కాంపౌండరు పెద్ద జాడీలో కలిపి ఉంచిన మిక్స్చరును అందులో పోసి ఇచ్చేవాడు. దగ్గుకు ఒక రంగు నీళ్లు, కడుపునొప్పికి ఇంకొక రంగు నీళ్లు. దగ్గు ఎన్నాళ్ల నుంచి అని అడిగే తీరిక ఎవరికీ ఉండేది కాదు. క్షయరోగి నడిచి వచ్చాడు, వరుసలో నిలబడ్డాడు, తన బాధ చెప్పుకున్నాడు, సీసా పట్టుకుని వెళ్లిపోయాడు. రోగి రావటం లేదన్నది నింద. వచ్చినవాడిని గుర్తించకుండా పంపివేయటం జరిగిన సంగతి.

అనంతపురం

ఈ ఎరుక నుంచి పుట్టిన ఆలోచన చాలా సాదాది. క్షయకు ప్రత్యేకమైన ఆసుపత్రులు కట్టనక్కరలేదు, రోజూ నడిచే ఓపీలోనే ఒక ప్రశ్న అడగాలి. రెండు వారాలకు మించి దగ్గు ఉందా? ఉంటే కళ్లె పరీక్ష చేయాలి. మైక్రోస్కోపు ఉన్న చోట అక్కడే, లేనిచోట గాజు పలక మీద పూసి ఉన్నచోటికి పంపాలి. వ్యాధి ఉందని తేలితే మందు ఆ దగ్గరి ఆసుపత్రిలోనే ఇవ్వాలి. జిల్లాకు ఒక క్షయ కేంద్రం ఉండి, ఒక వైద్యుడు, మందుల పంపిణీ చూసేవాడు, ప్రయోగశాల నిపుణుడు, ఎక్స్‌రే నిపుణుడు, లెక్కలు రాసేవాడు ఒక జట్టుగా తక్కిన ఆసుపత్రులన్నింటికీ పని నేర్పాలి.

కాగితం మీద బాగున్న ఈ పథకాన్ని దేశమంతటా పరిచే ముందు ఒక జిల్లాలో పరీక్షించి చూశారు. ఆ జిల్లా అనంతపురం, సంవత్సరం 1961. వానలు తక్కువ, దూరాలు ఎక్కువ, వైద్యులు తక్కువ. అక్కడ పనిచేస్తే ఎక్కడైనా పనిచేస్తుంది. మరుసటి సంవత్సరం, 1962లో, ఈ నమూనా పునాదిగా జాతీయ క్షయ నివారణ కార్యక్రమం మొదలయింది. ఈనాడు వైద్య కళాశాలలలో 'నిత్య వైద్యసేవలలో వ్యాధి పరీక్షలను కలపటం' అని కొత్త పాఠంలాగా చెబుతున్నారు. ఆ పాఠం మొదటి అధ్యాయం రాయలసీమలో రాశారని విద్యార్థులలో ఎంతమందికి తెలుసునో!

అయితే ఆ నమూనాలో రోగికి అందే ఆసరా మాటేమిటి? నెలకు ఒకసారి వచ్చి మందులు తీసుకోవాలి. ఏడాది, ఏడాదిన్నర వాడాలి. రెండు మూడు నెలలలో దగ్గు తగ్గుతుంది, జ్వరం తగ్గుతుంది, ఆకలి పుడుతుంది. కూలి మనిషి పనిలోకి వెళతాడు. తరువాతి నెల ఆసుపత్రికి రావాలంటే ఒకరోజు కూలి పోతుంది, బస్సు ఛార్జీ అదనం. రాకపోతే కార్యక్రమం ఏం చేయాలో కూడా నిబంధనలలో ఉంది: ముందుగా ఒక ఉత్తరం రాయాలి, అప్పటికీ రాకపోతే ఆరోగ్య కార్యకర్త ఇంటికి వెళ్లాలి. చదువురాని ఇంటికి పోస్టుకార్డు! అది వచ్చిందని ఊరందరికీ తెలిసి, జబ్బు కూడా తెలిసిపోవటం దాని అదనపు ఫలం. ఇంటికి వెళ్లవలసిన కార్యకర్తకు కుటుంబ నియంత్రణ లక్ష్యాలు, మలేరియా లక్ష్యాలు ముందుండేవి. 1992లో కార్యక్రమాన్ని సమీక్షించేనాటికి, గుర్తించిన రోగులలో వైద్యం పూర్తిచేసుకున్నవారు సగం కూడా లేరు. కనుక్కోవటాన్ని ఓపీలో కలిపారు. ఆదుకోవటాన్ని కలపలేదు.

హైదరాబాదులో ఒక ప్రయత్నం

1993లో ప్రయోగాత్మకంగా మొదలై 1997 నుంచి విస్తరించిన కొత్త కార్యక్రమంలో మందును రోగి ఎదుటి మనిషి చూస్తుండగా మ్రింగాలి. ఒక్కొక్క రోగి పేరున మొత్తం వైద్యానికి సరిపడే మందులు ఒక పెట్టెలో ఉండేవి. మధ్యలో మందు నిండుకుందని చెప్పే అవకాశం లేకుండా ఆ పెట్టె చేసింది. అది నిజంగా గొప్ప మార్పు.

మన రాష్ట్రంలో జబ్బు చేసినవారిలో ఎక్కువమంది ముందుగా వెళ్లేది ప్రైవేటు వైద్యుడి దగ్గరకు. వారిని వదిలేసి ఓపీ అంటే ప్రభుత్వ ఓపీ అనుకుంటే సగం కథ తప్పిపోతుంది. హైదరాబాదులో మహావీర్ ట్రస్టు ఆసుపత్రిలో డాక్టర్ కె.జె.ఆర్. మూర్తి 1995లో ఈ విషయం మీద పని ప్రారంభించారు. ప్రైవేటు వైద్యులు అనుమానమున్న రోగులను ఆసుపత్రికి పంపుతారు. వ్యాధి నిర్ధారణ అయ్యాక రోగి ఇంటికి దగ్గరలో ఉన్న నర్సింగ్ హోములోనే రోజువారీ మందు ఉచితంగా ఇస్తారు. మందులు ప్రభుత్వానివి. ఆసుపత్రి కార్యకర్తలు రాని రోగి ఇంటికి వెళ్లి కనుక్కుంటారు. లక్షమంది జనాభాతో మొదలుపెట్టి, తరువాత 5 లక్షల జనాభాకు విస్తరించారు. ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యం అన్న మాట ఈనాడు అరిగిపోయింది గాని, రోగి తన గడప దగ్గరి వైద్యుడిని వదులుకోకుండా ప్రభుత్వ వైద్యం పొందగలగటం ఆనాటికి కొత్త.

హెచ్‌ఐవి నేర్పినది

2000 దశకంలో గుంటూరు, కృష్ణా, ప్రకాశం, గోదావరి జిల్లాలలో క్షయ రూపం మారింది. హెచ్‌ఐవి ఎక్కువగా ఉన్న రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ముందువరుసలో ఉండేది. క్షయరోగికి హెచ్‌ఐవి పరీక్ష, హెచ్‌ఐవి ఉన్నవారికి క్షయ ప్రశ్నలు తప్పనిసరి కావలసిన పరిస్థితి వచ్చింది. 2007లో ఆంధ్రప్రదేశ్‌లోని మూడు జిల్లాలలో దీనిని పరీక్షించి చూశారు. క్షయ వైద్యంలో భాగంగానే హెచ్‌ఐవి పరీక్షకు పంపటం, ఉన్నట్లు తేలితే కోట్రిమాక్సజోల్ మాత్రలను దగ్గరి ఆరోగ్య కేంద్రంలోనే ఇవ్వటం, ఏఆర్‌టీ కేంద్రానికి పంపటం. దగ్గరలో ఇచ్చిన మాత్రలు ఎక్కువమందికి అందాయి. దూరంలో ఉన్న ఏఆర్‌టీ కేంద్రానికి చేరినవారు తక్కువ. మందు ఒక్కటే ప్రభుత్వానిది, పరీక్ష ఒక్కటే, రోగి ఒక్కడే. తేడా తెచ్చినది బస్సు ప్రయాణం. తరువాత వచ్చిన లింక్ ఏఆర్‌టీ కేంద్రాలు ఈ దూరాన్ని కొంత తగ్గించాయి.

హెచ్‌ఐవి ఉన్నవారు తమ సంఘాలు తామే పెట్టుకుని, పింఛను కావాలని, బస్సు రాయితీ కావాలని అడిగారు. క్షయరోగులు ఎన్నడూ అలా అడగలేదు. ఆరు నెలలలో నయమయ్యే జబ్బుకు సంఘం ఎవరు పెడతారు? నయం కాగానే ఆ పేరు కూడా ఇంట్లో వినబడకూడదు, ముఖ్యంగా పెళ్లి కావలసిన పిల్ల ఉన్న ఇంట్లో. నయం కావటమే క్షయరోగుల గొంతును తీసివేసింది.

గోదావరి పల్లెలలో రక్తపోటు

ఇదే పాఠం వేరొక జబ్బులో కూడా కనబడింది. ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో ఒక సంవత్సరంలో జరిగిన 1,354 మరణాల కారణాలను ఇంటింటికీ వెళ్లి అడిగి తెలుసుకున్న అధ్యయనం 2006లో వెలువడింది. దాదాపు మూడింట ఒక వంతు మరణాలు గుండె, రక్తనాళాల జబ్బుల వలన జరిగాయి. ఆ తరువాత పశ్చిమ గోదావరిలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో ఆశా కార్యకర్తలకు టాబ్లెట్లు ఇచ్చి, ఇళ్ల దగ్గర రక్తపోటు చూసి, ప్రమాదం ఎక్కువగా ఉన్నవారిని వైద్యుడి దగ్గరకు పంపే పద్ధతిని శాస్త్రీయంగా పరీక్షించారు. ఆశాలు ఆ పనిని చక్కగా చేశారు. వేలమందిని గుర్తించారు. కాని రక్తపోటు అదుపులో ఉన్నవారి శాతంలో చెప్పుకోదగ్గ మెరుగుదల రాలేదని 2019లో ప్రచురితమైన ఫలితాలు తెలిపాయి. జబ్బు ఉందని చెప్పటం ఒకటి, నెలనెలా మందు చేతికి అందటం ఇంకొకటి. ఇటువంటి ఫలితాన్ని దాచకుండా ప్రచురించటం మెచ్చుకోవలసిన విషయం.

అన్నం తిరిగి వచ్చింది

2018 ఏప్రిల్ నుంచి క్షయరోగులందరికీ వైద్యకాలంలో నెలకు 500 రూపాయలు పోషణ కోసం ఇచ్చే నిక్షయ్ పోషణ్ యోజన మొదలయింది. 1962 నుంచి లెక్కపెట్టండి. 56 సంవత్సరాల తరువాత రోగి తిండి గురించి కార్యక్రమం మొదటిసారి తన ఖాతాలో ఒక వరుస రాసుకుంది.

ఆ తరువాతి సంవత్సరం ఝార్ఖండ్‌లో రేషన్స్ అనే పరిశోధన ఆరంభమయింది. అనురాగ్ భార్గవ, మాధవి భార్గవ అనే వైద్య దంపతులు దానికి నాయకత్వం వహించారు. 2,800 మంది రోగులకు నెలనెలా బియ్యం, పప్పు, పాలపొడి, నూనె ఇచ్చారు. వారిలో సగం కుటుంబాలలోని మిగిలిన సభ్యులకు కూడా తలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. 2023లో ఫలితాలు వచ్చాయి. తిండి అందిన కుటుంబాలలో కొత్తగా క్షయ రావటం 39 శాతం తగ్గింది, ఇతరులకు అంటించగల రకం 48 శాతం తగ్గింది. రోగులలో మొదటి రెండు నెలలలో బరువు 5 శాతం పెరిగినవారికి మరణ ప్రమాదం బాగా తగ్గిపోయింది. టీకా సాధించలేని దానిని అన్నం, పప్పు సాధించాయి.

ఈ పరిశోధనలో పాలుపంచుకున్న సంస్థలలో చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధన సంస్థ ఒకటి. 1956లో మద్రాసులో వాలెస్ ఫాక్స్ పనిచేసిన కేంద్రమే పేరు మార్చుకుని ఈ సంస్థ అయింది. రెండు ఫలితాలకూ వైరుధ్యం లేదు. ఒంట్లో ఉన్న సూక్ష్మజీవులను మందు చంపుతుందా అని మొదటి పరిశోధన అడిగింది. ఆకలిగా ఉన్న ఇంట్లో ఎంతమంది జబ్బుపడతారు అని రెండవది అడిగింది. మొదటి ప్రశ్నకు వచ్చిన సమాధానాన్ని రెండవ ప్రశ్నకు కూడా వాడుకోవటం వలన మనం ఇన్నాళ్లు ఆలస్యమయ్యాము.

పసుపు యార్డు దగ్గర

ఇక మన ఊరి సంగతి. దుగ్గిరాల పసుపు యార్డు దేశంలో పేరున్నది. పంట ఇళ్లకు చేరే మాఘ, ఫాల్గుణ మాసాల నుంచి వేసవి నడిమి వరకు బస్తాలు మోసే హమాలీలకు, కొమ్ములు ఏరే ఆడవారికి, పాలిష్ డ్రమ్ముల దగ్గర పనిచేసేవారికి చేతినిండా పని. ఊపిరి నిండా దుమ్ము కూడా. ఆ నెలలలో దగ్గు వస్తే "పసుపు దుమ్ము దగ్గండీ, సీజను అయితే అదే పోతుంది" అంటారు. చాలాసార్లు అది నిజమే. చిక్కంతా ఆ 'చాలాసార్లు' అన్న మాటలో ఉంది. దుమ్ము దగ్గు పని మానిన కొద్దిరోజులలో నెమ్మదిస్తుంది. సాయంత్రం పూట జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గటం, కళ్లెలో రక్తపు చార, ఇవి పసుపు వలన రావు. రెండు వారాలు దాటిన దగ్గు ఏదైనా సరే, కారణం మనకు తెలుసుననుకున్నా సరే, కళ్లె పరీక్ష చేయించుకోవాలి. ఆసుపత్రి కాగితాలలో దీనిని తెమడ పరీక్ష అని రాస్తారు. ఇప్పుడు మైక్రోస్కోపుతో పాటు సూక్ష్మజీవి జన్యుపదార్థాన్ని పట్టే ట్రూనాట్, సీబీనాట్ యంత్రాలు వచ్చాయి. మందు లొంగని రకమా కాదా అన్నది కూడా కొద్దిగంటలలో తెలుస్తుంది. ప్రభుత్వ కేంద్రాలలో పరీక్ష, మందు రెండూ ఉచితం.

ఓపీ చీటీ రాసేచోట 'దగ్గు' అని మాత్రమే చెప్పవద్దు. 'మూడు వారాల నుంచి దగ్గు' అని చెప్పండి. 1963 నాటి సీసాకూ పరీక్షకూ మధ్య తేడా తెచ్చేది ఆ రెండు మాటలే. వైద్యుడు అడగకపోయినా మీరు చెప్పవచ్చు. క్షయ అని తేలినవారికి మధుమేహం, హెచ్‌ఐవి పరీక్షలు కూడా చేస్తారు. అనుమానంతో చేస్తున్నారని నొచ్చుకోనక్కరలేదు, అందరికీ చేసేవే. మధుమేహం అదుపులో లేనివారికి క్షయ త్వరగా నయం కాదు.

పోషణ డబ్బు 2024 నవంబరు నుంచి నెలకు 1,000 రూపాయలయింది. ఇది రోగి బ్యాంకు ఖాతాలోకి వస్తుంది. ఖాతా ఆధార్‌తో ముడిపడి లేకపోయినా, చాలాకాలం వాడక స్తంభించిపోయినా డబ్బు ఆగుతుంది. వేరే ఊళ్ల నుంచి సీజనుకు వచ్చే కూలీలకు ఈ చిక్కు ఎక్కువ. వైద్యం మొదలైన వారంలోనే క్షయ విభాగం కార్యకర్తను అడిగి ఖాతా సంగతి సరిచూసుకోవాలి. రోగి ఇక్కడ మందు మొదలుపెట్టి సీజను అయ్యాక సొంత ఊరికి వెళ్లిపోతే, వెళ్లేముందు ఆ మాట చెప్పాలి. అక్కడి కేంద్రానికి పేరు బదిలీ చేస్తారు, మందు తెగదు.

బాగా చిక్కిపోయినవారికి, అంటే ఎత్తుకు తగిన బరువు లెక్క 18.5 కన్నా తక్కువ ఉన్నవారికి, మొదటి రెండు నెలలు శక్తినిచ్చే ప్రత్యేక ఆహారం ఇవ్వాలని కూడా 2024లో నిర్ణయించారు. మందు మొదలుపెట్టిన రోజున బరువు చూసి చీటీ మీద రాయించుకోండి. రెండు నెలల తరువాత మళ్లీ చూడండి. నాడి చూడటం ఎంత ముఖ్యమో ఈ రెండు అంకెలు అంత ముఖ్యం.

కుటుంబ సభ్యుల తిండి విషయం ఇంకా సగంలోనే ఉంది. రోగికి వచ్చే డబ్బు హక్కుగా వస్తుంది. ఇంట్లో మిగిలినవారికి ఆహారపు బుట్ట నిక్షయ్ మిత్ర పేరుతో ముందుకు వచ్చే దాతల మీద ఆధారపడింది. 2022 సెప్టెంబరులో మొదలైన ఈ ఏర్పాటు ముందు రోగులకే ఉండేది, 2024లో కుటుంబాలకు కూడా విస్తరించింది. వ్యక్తులు, సంఘాలు, వ్యాపార సంస్థలు ఎవరైనా నిక్షయ్ మిత్రగా నమోదు కావచ్చు. ఒక రోగిని, ఒక ఊరిని, ఒక మండలాన్ని ఎంచుకోవచ్చు. పసుపు వ్యాపారులు, శీతల గిడ్డంగుల యజమానులు తమ దగ్గర బస్తాలు మోసే మనిషి ఇంటికి ఆరు నెలలు బియ్యం, పప్పు పంపాలనుకుంటే, తెనాలి ప్రభుత్వ ఆసుపత్రిలోని క్షయ విభాగంలో అడిగితే దారి చెబుతారు. తలకు నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు. ఝార్ఖండ్‌లో ఇచ్చినది అంతే.